పైపుకాడ శుద్ధి ప్రకరణం

భగవంతుడు మనిషికి నోరు ఒక్కటే ఇచ్చి, దానితోనే తినమనీ, దానితోనే పలకమనీ, దానితోనే తన నామం స్మరించమనీ నియమించాడు. ఆ నోటిలోనికి ఏమి పోవచ్చునో నిర్ణయించే పనిని మాత్రం ఆయన హస్తకళా వస్తు ప్రమాణ నిర్ణయ మండలికి అప్పగించాడని నాకు డెబ్బైయవ ఏట గాని తెలియలేదు.

సంగతి ఒక లక్కబూరతో మొదలైంది. మండలి ముద్ర పడిన ఆ బూరను ఎవరో పెద్దవారి మనుమడు ఊదగా, పసివాని పెదవులు రామచిలుక రంగుకు తిరిగి, వారం రోజుల వరకు ఆ రంగు వదలలేదట. వెంటనే రాజధాని నుంచి ఒక ఉత్తర్వు వెలువడింది. “నోటికి తగులు ప్రతి హస్తకళా వస్తువు యొక్క పదార్థమును, మండలి సభ్యులెల్లరు ఏకైక నమూనాను స్వయముగా నోటనుంచుకొని, వాస్తవ వినియోగము గావించి, ఏకగ్రీవముగా నిర్ణయించవలెను” అని దాని సారాంశం. ఉత్తర్వు వచ్చిన తరువాత మండలి ముందుకు వచ్చిన మొదటి నోటి వస్తువు పొగాకు పైపు.

ఆ పైపులను చేసేది కంచరాన ఎర్నమ్మ. సముద్రానికి దగ్గరలో మండలి వారు కట్టించిన కళాకారుల కాలనీలో ఆమెకొక షెడ్డు ఉన్నది. అందులో కొయ్యనూ కొమ్మునూ తిప్పుతూ చెక్కే ఆమె తరిణి నేలలో పాతి ఉన్నది. ఇదివరలో గేదె కొమ్ముతో దువ్వెనలు చేసేది. ప్లాస్టిక్ దువ్వెనలు వచ్చి ఆ పని పోగొట్టగా, పట్నపు వర్తకుడొకడు పైపులు చేసి ఇమ్మని అడిగాడు. పొగాకు కూరడానికి చింతవేరుతో నిమ్మకాయంత గిన్నె చేసింది. దానికి తగిలించే కాడను దేనితో చేయాలన్నదే ప్రశ్న. ప్రశ్న చిన్నదే గాని, దానికి షెడ్డు కట్టివేసి ఉన్నది. మార్చి నెలాఖరు సాయంత్రానికి మండలి ఆమోదించిన వస్తువు చేతిలో లేని కళాకారుని షెడ్డు మండలికి స్వాధీనమవుతుంది. మండలి అధ్యక్షులు పొన్నాడ సర్వేశ్వరరావుగారి జీపు చాలాకాలంగా ఎండలో నిలుస్తున్నది. ఆయన ఎర్నమ్మ షెడ్డును స్వయంగా టేపుతో కొలిపించి చూసుకున్నారని కాలనీలో అందరికీ తెలుసు.

మొదటి సమావేశం సంగతులు నాకు తరువాత చెప్పారు. ఎర్నమ్మ కొమ్ముతో, కర్రతో, వెదురుతో, నల్లటి గట్టి రబ్బరుతో చేసిన కాడలను బల్ల మీద పరిచిందట.

“ఎర్నమ్మా, మండలి నీ కాడలను ఆదరణతోనూ అనుమానంతోనూ స్వీకరిస్తున్నది. ఇవి పరిపాలనకు రెండు కళ్లు” అన్నారు అధ్యక్షులు.

“రెండు కళ్లెందుకు బాబూ, ఒక్క నోరుంటే సాలు. కొమ్ము కాడ పంటికింద మెత్తగా ఆగతాది, సల్లగుంటాది. రబ్బరుదైతే ఏళ్ల తరబడి అరగదు. ఏదో ఒకటి బేగి సెప్పీసి ముద్దరెయ్యండి.”

“బేగి అన్నమాట మండలి నిబంధనావళిలో లేదు.”

అధ్యక్షులు కొమ్ము కాడను నోట పెట్టుకుని, కళ్లు మూసి, అటూ ఇటూ త్రిప్పి, “ఉదాత్తంగా ఉన్నది” అని అభిప్రాయం వెలిబుచ్చి, పక్కనున్న లెక్కల అధికారి గేదెల సింహాద్రినాయుడుగారికి అందించారు. నాయుడుగారు దానిని రెండు వ్రేళ్లతో పట్టుకున్నారు. ఎంగిలి అన్నమాట ఆ బల్ల చుట్టూ ఎవరూ పలకలేదు. ఒకరు తాగిన గ్లాసు ఇంకొకరు ముట్టని పదకొండుమంది పెద్దమనుషులు ఆ రెండు వ్రేళ్ల వంక చూస్తూ కూర్చున్నారు.

“ఇవాళ నాకు శనివారం సార్” అన్నారు నాయుడుగారు చివరకు.

“నాకు శనివారాలు లేవు సార్. అయితే సూక్ష్మజీవులకు కూడా లేవు” అన్నారు ఆరోగ్యశాఖ తరఫున సభ్యురాలైన డాక్టర్ జెమీమా రత్నంగారు.

“ఒక్కొక్కరికి ఒక్కొక్క కాడ ఇప్పిస్తేనో?” అని ఎవరో అడిగారు.

“కుదరదు. ఏకైక నమూనా అన్నారు. పదకొండుమంది పదకొండు మామిడిపళ్లు తిని ఒక పండు తీపి అని సంతకం పెడితే ఆడిట్ ఒప్పుకోదు” అన్నారు నాయుడుగారు.

డాక్టరుగారు కాడలను మరిగించమన్నారు. మరిగిన నీళ్లలో కొమ్ము కాడ కుక్కతోకలా చుట్టుకున్నది. రబ్బరు కాడ గంధకపు కంపు కొట్టి పచ్చబడింది. అటు తరువాతనే, వైద్యం విఫలమైన చోట శాస్త్రాన్ని ఆశ్రయించాలని తీర్మానించి, రామాలయంలో పురాణం చెప్పుకునే నా కోసం జీపు పంపారు.

ధర్మశాస్త్ర సలహాదారు అన్న హోదాలో నాకొక కుర్చీ వేశారు. నేను ఆచమనం చేసి, ద్రవ్యశుద్ధిని గురించి పెద్దలు చెప్పినది యథాతథంగా మనవి చేశాను.

“లోహమైతే బూడిదతోనో పులుపుతోనో తోముకోవచ్చు. మట్టిదైతే మళ్లీ కాల్చాలి. మ్రాను, కొమ్ము, ఎముక, ఈ మూటికీ చెక్కడమే శుద్ధి. నోరు సోకిన మేర చెక్కివేస్తే ఆ వస్తువు కొత్తదానితో సమానం.”

“రబ్బరుకు?” అన్నారు అధ్యక్షులు.

“శాస్త్రకర్తలకు రబ్బరుతో పరిచయం లేదు.”

“శుద్ధి విధానం లేని పదార్థం నిబంధన లేని పదార్థం. రబ్బరు తిరస్కృతం. లోహం?”

“వెండి అయితే శ్రేష్ఠం.”

“పరీక్ష అయ్యాక వెండి ఎవరింట్లో ఉన్నదని ఆడిట్ అడుగుతుంది” అన్నారు నాయుడుగారు. వెండి కూడా తిరస్కృతమైంది.

ఆ విధంగా ఎర్నమ్మను ఉలితో సహా మూలన చాప మీద కూర్చోబెట్టారు. ఒక సభ్యుడు నోట పెట్టుకోవడం, ఆమె చెక్కడం, తరువాతి సభ్యునికి అందించడం, ఇదీ ఏర్పాటు. ఆమె కొత్త కొమ్ము కాడను బెత్తతో కొలిచి చూసింది.

“బాబూ, నోట్లోకెల్లిన మేర సెక్కమంటన్నారు. సెక్కితే పొట్టిదయిపోదా? నలుగురు నాకీసరికి ఏటి మిగులుతాది?”

“నాకుట అనరాదు. అనుభవించుట అనవలెను.”

“అల్లాగే బాబూ. నలుగురు అనుబగించీసరికి ఏటి మిగులుతాది?”

ఇది సాంకేతిక ప్రశ్న అని చెప్పి అధ్యక్షులు దానిని వాయిదా వేశారు. కార్యక్రమం నిర్విఘ్నంగా సాగింది. కాడ అధ్యక్షుల దగ్గర జానెడు, నాయుడుగారి దగ్గర బెత్తెడు. డాక్టరుగారిని దాటేసరికి బొటనవ్రేలంత అయింది. అయిదవవారికి ఉంగరంలా అందింది. ఆరవ సభ్యులు తమ వంతు గాఢంగా అనుభవించబోయి దానిని మింగివేశారు. రుచి లేదని ఆయన అభిప్రాయాన్ని నమోదు చేశారు. మింగిన వస్తువును శుద్ధి చేయడం ఎలాగని నన్ను అడిగారు గాని, దానికి ప్రకృతి చేసే ఏర్పాటు తప్ప శాస్త్రంలో మరొకటి లేదని చెప్పాను.

ఇక్కడ నాయుడుగారి గణిత ప్రతిభ బయటపడింది. పరీక్షలన్నీ ముగిసేసరికి కాడ జానెడు మిగలాలంటే మొదట ఎంత ఉండాలి? సభ్యులు, పై కమిటీ వారు, ఆడిట్ వారు, ప్రారంభోత్సవానికి వచ్చే ప్రముఖులు, అందరి నోళ్లనూ లెక్కించి ఆయన రెండు నిలువుల పొడవు తేల్చారు. అంతట పశుసంవర్ధక శాఖకు లేఖ పోయింది. రెండు నిలువుల పొడవున, వంకర లేకుండా పెరిగిన కొమ్ము గల గేదె ఎక్కడైనా ఉన్నయెడల తెలుపగోరారు. అటువంటి గేదె ప్రస్తుతం మంజూరులో లేదనీ, వచ్చే ప్రణాళికలో పరిశీలించగలమనీ వారు మర్యాదగా జవాబిచ్చారు. అంత పొడవు కర్రకు నడుమ రంధ్రం పడదని ఎర్నమ్మ చెప్పింది. కనుక వెదురు మిగిలింది.

వాస్తవ వినియోగం అంటే పొగ పీల్చి చూడాలి. మండలి కార్యాలయంలో ప్రతి గోడకూ పొగ త్రాగరాదన్న బోర్డు ఉన్నది. పొడవాటి కాడ ఈ సమస్యను కూడా తీర్చింది. వెదురును కిటికీలో నుంచి బయటకు పోనిచ్చి, ప్రహరీ గోడ మీదుగా దించి, నిప్పు గిన్నెను రోడ్డు మీద ఉంచారు. నిప్పు కార్యాలయపు ఆవరణలో లేదు. పొగ వెదురులో నుంచి తిన్నగా సభ్యుని లోపలికి పోతుంది గనుక అదీ ఆవరణలో లేదు. గిన్నెకు కాపలాగా బంట్రోతు పోలయ్యను నియమించి, అధ్యక్షులు లోపల కుర్చీలో కూర్చుని పీల్చనారంభించారు.

ఎంత పీల్చినా ఏమీ రాలేదు. బుగ్గలు లోపలికి పోయి, కనుగుడ్లు బయటికి వచ్చాయి. ఇంతలో వెదురులో నుంచి ఒక గొంతు వినవచ్చింది.

“లోపల ఎవులో పీలుస్తన్నారు. బాబూ, ఇన్నారా?”

అధ్యక్షులు కాడను పెదవుల నుంచి కొంచెం జరిపి, “ఇది మండలి సమావేశం. తొలగిపోండి” అన్నారు.

“ఎల్లిపోతాను బాబూ. ఓపాలి గట్టిగా పీల్సండి. నిప్పు రాజుకుంటే బీడీ ముట్టించుకుని పోతాను.”

అధ్యక్షులు ఎలాగూ పీల్చవలసే ఉన్నది గనుక పీల్చారు. గొంతు “పున్నెం బాబూ” అని దీవించి వెళ్లింది. ఆ వార్త బస్టాండు వరకు పాకి, మరికాసేపటికి బీడీల వారు వరుసకట్టారు. పోలయ్య వారిని క్రమశిక్షణలో నిలబెట్టి, ఒక్కొక్కరి పేరున లోపలికి విన్నపం పంపాడు. అధ్యక్షులు ఒక్కొక్కరి కోసం పీల్చారు. మండలి ప్రజలకు ఇంత ప్రత్యక్షంగా సేవ చేసిన రోజు మరొకటి లేదని నా నమ్మకం. చివరకు ఆయన నోటికి పొగ అందనే అందింది గాని, దాని సెగకు వెదురు కణుపులో కాపురమున్న గండుచీమలు ముందుగా అందాయి.

చీమలను తొలగించిన తరువాత నన్ను శుద్ధిని గురించి అడిగారు. పీల్చేటప్పుడు ఉమ్ము లోపలికి జారుతుందనీ, వెదురు బోలుగా ఉండడం వలన బయట ఎంత చెక్కినా లోపలి ఎంగిలి పోదనీ నేను చెప్పక తప్పలేదు. ధర్మం సూక్ష్మమైనది. అధ్యక్షులు వాచిన పెదవులతో నా వైపు చూసిన చూపులో భక్తి కనిపించలేదు.

ఆ చూపును సవరించడానికే నేను రెండవ ఉపాయం చెప్పాను. గురువు తినగా మిగిలినది శిష్యునికి ఎంగిలి కాదు, ప్రసాదం. కాబట్టి పెద్ద హోదా నుంచి చిన్న హోదాకు కాడ దిగివస్తే చెక్కవలసిన పని లేదు, కాడ తరగదు. అధ్యక్షులకు ఈ సిద్ధాంతం ఎంతగానో నచ్చింది. కాని ఆయన తరువాత ఎవరు నోట పెట్టుకోవాలన్న దగ్గర సభ దద్దరిల్లింది. నాయుడుగారూ డాక్టరుగారూ ఒకే ఉదయాన ఉద్యోగంలో చేరినవారు.

“నేను ఆమె తరువాత చప్పరిస్తే నా ప్రమోషన్ కూడా ఆమె తరువాతేనని ఒప్పుకున్నట్టే సార్” అన్నారు నాయుడుగారు.

“ఆయన ప్రసాదం నాకు వద్దండి. నా చర్చిలో ఒప్పుకోరు” అన్నారు డాక్టరుగారు.

మిగిలినవారు కూడా అధ్యక్షుల తరువాతి స్థానం తమదేనని విడివిడిగా విజ్ఞప్తులు సమర్పించారు. ఒక కాడ, పది రెండవ స్థానాలు. అలా మార్చి గడిచిపోయింది.

చివరిరోజు మధ్యాహ్నం నేను కార్యాలయానికి వెళ్లేసరికి ఎర్నమ్మ మెట్ల మీద కూర్చుని ఉన్నది.

“షెడ్డుకి తాళమేసీసినారు పంతులుగారూ. ఉదయాన్నే అయ్యగారే సొయంగా వొచ్చి ఏసినారు. నా రంపాలు, కొమ్ములు అన్నీ లోపలే. తరిణి నేల్లోన పాతీసుంది. దాన్ని పీకి ఎక్కడెట్టుకోను, నెత్తినెట్టుకుని తిరగనా?”

“సాయంత్రం దాకా గడువు ఉన్నది కదా తల్లీ.”

“గడువుంది. బుర్రలే నేవు. మీకు కాదులెండి, పైనోలకి.”

ఆమె అలా మినహాయించినందుకు నేను సంతోషించాను. అప్పుడామె రొంటి నుంచి చుట్ట తీసి ముట్టించి, వెలుగుతున్న కొసను నోట్లో పెట్టుకుని, ఆరిన కొసను బయటికి వదిలి, తాపీగా పీల్చుకోసాగింది. ఆ తీరాన పల్లెపట్టు స్త్రీలు అలా కాల్చడం నేను ఎరుగనిది కాదు గాని, అంత దగ్గర నుంచి చూడలేదు.

“నోరు కాలదా ఎర్నమ్మా?”

ఆమె చుట్టను బయటికి తీసి, “అలవాటు బాబూ. సముద్రం గాలికి ఆరిపోదని మాయమ్మ మప్పినాది” అని, మళ్లీ లోపల పెట్టుకున్నది.

నేను చేతులు జోడించాను. సర్వాన్నీ పావనం చేసేది అగ్ని. అన్నిటికీ ఎంగిలి ఉన్నది గాని అగ్నికి లేదు. నిప్పును నోట ఉంచుకుని కాడను బయటికి వదిలినవానికి ఎంగిలి ప్రసక్తి ఎక్కడిది? కాడను ఏ నోరూ తాకనప్పుడు అది కొమ్మయితేనేమి, రబ్బరయితేనేమి? ఎర్నమ్మ ఏదో చెప్పబోతుండగానే ఆమె చేతిసంచిలోని పైపును అందుకుని, ఆంజనేయుని తలచుకుంటూ మెట్లెక్కాను.

సమావేశంలో నా సిద్ధాంతానికి ప్రతిఘటన లేదు. ఏకైక నమూనా అరగదని నాయుడుగారు సంతోషించారు. నిప్పూ పొగా నోట్లోనే ఉంటాయి గనుక గోడల మీది బోర్డులకు భంగం లేదని అందరూ అంగీకరించారు.

“నోరు కాలుతుంది సార్. పుండ్లు పడతాయి. అంతకంటే పెద్ద జబ్బులు కూడా వస్తాయి” అన్నారు డాక్టరుగారు.

“డాక్టరుగారూ, అజెండాలో ఉన్నది కాడ. నోరు కాదు” అన్నారు అధ్యక్షులు.

తలుపు దగ్గరకు వచ్చి నిలబడిన ఎర్నమ్మ, “బాబూ, అది సుట్ట. సన్నగుంటాది. ఇది గిన్ని” అన్నది. కళాకారులు పిలిచినప్పుడు మాత్రమే మాట్లాడాలని ఆమెకు గుర్తుచేశారు.

సర్వేశ్వరరావుగారు కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. ఆయన మనసు జీపు మీద ఉన్నదని ముఖం చెబుతున్నది. “మొదట నేను అనుభవిస్తాను. అనంతరం, వస్తువు అసౌకర్యమనిన్నీ, షెడ్డును స్వాధీనపరచుకోవలసిందనిన్నీ నా అభ్యంతరాన్ని సవిస్తరంగా వినిపిస్తాను. నాయుడుగారూ, గడువు దగ్గరపడుతున్నది. ఆలోగా మీరు తీర్మానం చదువుతూ ఉండండి.”

పోలయ్య గిన్నెలో పొగాకు కూరి నిప్పు వేశాడు. అధ్యక్షులు నోరు సాధ్యమైనంత తెరిచి, నిమ్మకాయంత గిన్నెను తలక్రిందులుగా లోపలికి త్రోశారు. అది పళ్ల దగ్గర ఒక్క క్షణం ఆగి, టక్కున లోపల కూర్చున్నది. జానెడు కాడ, ముక్కు కింద మరొక ముక్కులా, బయటికి నిలిచింది.

“తీర్మానం” అని నాయుడుగారు కాగితం వంకే చూస్తూ చదివారు. “కాడకు ఏ నోరును తగలదు గావున, కాడకు ఏ పదార్థమైనను తగును. వస్తువు ఆమోదితము. కళాకారిణి కంచరాన ఎర్నమ్మ షెడ్డును ఆమెకే కొనసాగించడమైనది. అభ్యంతరమున్నవారు నోటిమాటగా తెలుపవచ్చును. బలపరిచేవారు చేతులెత్తవలెను.”

అధ్యక్షుల నోట ఒక ధ్వని వెలువడింది గాని, అందులో ఏ అక్షరమూ లేదు. ఆయన రెండు చేతులూ ఎత్తారు. ఎత్తినవి దింపలేదు. లేచి నిలబడ్డారు, కాళ్లు నేలకేసి కొట్టారు. అధ్యక్షులు ఎత్తినప్పుడు ఎత్తకుండా ఉండడం ఉద్యోగధర్మం కాదు గనుక తక్కినవారూ ఎత్తారు. “ఏకగ్రీవం. అధ్యక్షులు రెండు చేతులూ ఎత్తి, లేచి నిలబడి, కన్నీటితో బలపరిచారు” అని నాయుడుగారు పైకి చదువుతూ రాసుకున్నారు.

అగ్ని త్వరలోనే చల్లారింది. గిన్నె మాత్రం కదలలేదు. డాక్టరుగారు చెంచా పెట్టి చూశారు, కొబ్బరినూనె పోసి చూశారు. చింతవేరు తడికి మరింత బిగిసింది. అప్పుడు ఎర్నమ్మను పిలిచారు. ఆమె వచ్చి, అధ్యక్షుల గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పి, కాడను గోటితో తట్టి చూసింది.

“కాడ పీకీస్తే లాబం నేదు. గిన్నిని లోపలే రెండు సెక్కలు సెయ్యాల. సన్న రంపం ఉండాల.”

“రంపం ఏదీ?” అన్నారు డాక్టరుగారు.

“షెడ్డులోన.”

“తీసుకురా మరి.”

“తాళమేసుంది గదమ్మా.”

“తాళంచెవి ఎవరి దగ్గర ఉన్నది?”

ఎర్నమ్మ అధ్యక్షుల కళ్లలోకి చూసింది. పట్టుకున్న గడ్డం వదలలేదు.  సర్వేశ్వరరావుగారి కుడిచేయి మెల్లగా కిందికి దిగి, కోటు జేబులోనికి పోయి, తాళంచెవితో బయటికి వచ్చింది. ఆమె దానిని అందుకుని కొంగున ముడివేసుకున్నది.

జీపు అందరినీ షెడ్డు దాకా చేర్చి ఎండలో నిలిచింది. ఎర్నమ్మ తలుపులు తెరిచి, తరిణి పక్కన పీట వేసి అధ్యక్షులను కూర్చోబెట్టి, “కదలకండి బాబూ, పళ్లు కూడా అదే రంగులో ఉన్నాయి” అని హెచ్చరించి పని మొదలుపెట్టింది.  గిన్నె రెండు చెక్కలై బయటపడింది. అధ్యక్షులు నోరు మూసి, తెరిచి, మళ్లీ మూసి, నాలుకతో లోపలంతా తడుముకుని చూసుకున్నారు. ఆయన ఏమి సెలవిస్తారోనని నాయుడుగారు కలం పట్టుకుని వంగారు.

“మంచినీళ్లు” అన్నారు అధ్యక్షులు.

అది అజెండాలో లేదు గనుక నాయుడుగారు రాసుకోలేదు.